చందువా వేగిన చప్పుడు

లాలాచెరువు, రాజమహేంద్రవరం
ఫిబ్రవరి 4

మావయ్యా,

ఈ కాగితం నీ చేతికి వచ్చిందంటే పెట్టె మూత తీశావన్నమాట. కావాలనే మూత లోపల టేపు వేసి అంటించాను. పోస్టులో విడిగా పంపితే నువ్వు ముందు మిషన్ ఆన్ చేసి, ఆ తర్వాత తీరిగ్గా ఉత్తరం చదువుతావు. నీ సంగతి నాకు తెలుసు. ఫోన్ చేసి చెబుదామంటే, ‘ఫోన్‌లో నీ గొంతు దోమ పాడినట్టు ఉంటుంది, కాగితం మీద రాయి’ అని ఏడాది నుంచి నువ్వే అంటున్నావు. అందుకే రాస్తున్నాను.

నేను సొంతంగా చేసిన మొదటి వెల్డింగ్ మిషన్ ఇది. ఇంతకాలం నా షెడ్డులో ఇతరుల మిషన్లు బాగుచేసి పంపేదాన్ని. దీనికి మాత్రం లోపలి బోర్డు గీయడం దగ్గర్నుంచి డబ్బాకి రంగు వేయడం దాకా అన్నీ నేనే. తాతయ్య పడవకి వేసే ఆకుపచ్చ రంగే వేశాను, చూశావా?

నీ పాత మిషన్‌లో హ్యాండిల్ తిప్పితే లోపల ఇనప దిమ్మ జరిగి కరెంటు పెరగడమో తగ్గడమో జరుగుతుంది. ఆ తర్వాత అది పట్టించుకోదు. నీ చెయ్యి కొంచెం పైకి లేచినా, లైన్లో కరెంటు పడిపోయినా, రాడ్డుకి అందేది మారిపోతుంది. దాన్ని చేత్తో సరిచేసుకోవాల్సింది నువ్వే. నా మిషన్ అలా కాదు. నువ్వు నాబ్ తిప్పి నూట పది యాంప్స్ అడిగావనుకో, బయటికి ఎంత పోతోందో అది సెకనుకి వేలసార్లు చూసుకుంటుంది. తగ్గితే పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. అడిగినంత ఇవ్వడమే దాని పని.

జనాన్ని గోదారి దాటించే పంటు అడుగు రేకులు మార్చే పని రేవు కాంట్రాక్టరు పెద్దిరాజు గారు నీకే అప్పజెప్పారని అమ్మ చెప్పింది. ఆ పంటు కట్టినప్పుడు కూడా అడుగు అతికింది నువ్వేనట కదా. దీనితో అతికి చూడు. మేనకోడలు చేసిందని మొహమాటపడకు. బాగోకపోతే బాగోలేదని రాయి.

చిన్నప్పుడు నన్ను వెల్డింగ్ వెలుగుకి వీపు పెట్టి కూర్చోబెట్టి, వెనక హ్యాండిల్ తిప్పుతూ “ఎక్కువా, తక్కువా?” అని అడిగేవాడివి, గుర్తుందా? ‘నూనెలో చందువా చేప ముక్క వేగినట్టు ఉంటే కరెంటు సరిపోయినట్టు’ అని నువ్వు చెప్పిన మాటే నా మొదటి పాఠం. నీ చెవి ఒప్పుకుంటే నా మిషన్ పాసైనట్టే.

అత్తని అడిగానని చెప్పు.

అశ్విని

*

నరసాపురం రేవు
ఫిబ్రవరి 13

అమ్మాయ్ అశ్వినీ,

మేము క్షేమం. నీ మిషనే కొంచెం నలతగా ఉంది. వివరంగా రాస్తాను.

పార్సిల్ వచ్చిందంటే బరువుంటుందని బస్టాండుకి ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. తీరా చూస్తే మీ అత్త దాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలో కూరల సంచితో నడిచి వచ్చేసింది. నా పాత మిషన్ జరపాలంటే నలుగురు మగాళ్ళు ఊపిరి బిగబట్టాలి. “ఏంటి బుల్లబ్బాయ్, వెల్డింగ్ మిషన్ తెచ్చావా, టిఫిన్ క్యారేజీ తెచ్చావా?” అని పెద్దిరాజు గట్టు మీద అందరి ముందూ అడిగాడు. రంగు మాత్రం బాగుంది. మీ తాత గుర్తొచ్చాడు.

నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. పొద్దున్నే ఎనిమిదింటికి బంగారంలా పనిచేసింది. పది దాటగానే మొదలుపెట్టింది. రాడ్డు రేకుకి అంటుకుపోవడం, పీకితే రాకపోవడం, ఎర్ర లైటు వెలిగి మొత్తం ఆగిపోవడం. మళ్ళీ ఆన్ చేస్తే ఒక రాడ్డు కాలేలోపు మళ్ళీ అదే వరస. నా పాత దిమ్మ మూలుగుతూనైనా పనిచేస్తుంది, నీది అలిగి కూర్చుంటుంది.

పరీక్ష సంగతి నీకు తెలియాలి. పంటు అడుగున నలభై అడుగుల అతుకు ఉంది. లోపలి వైపు సుద్ద పూసి, బయటి వైపు కిరోసిన్ రాస్తారు. సూదిమొనంత సందున్నా తెల్ల సుద్ద మీద మచ్చ తేలుతుంది. మచ్చ రాకపోతే పని నాది. వస్తే పెద్దిరాజు వేరే ఊరి నుంచి వెల్డర్లని తెస్తాడు, నేను పైన రైలింగు అతుక్కోవాలి. రైలింగు అతకడం కూడా పనేలే. కానీ ఆ అడుగు మీద ముప్పై ఏళ్ళుగా ఎన్ని వేలమంది గోదారి దాటారో. అది నేను అతికిన అడుగు. ఇంకొకడు దాన్ని కోసి అతుకుతుంటే పైన కూర్చుని చూడలేను.

అందుకని త్వరగా సరిచేసి పంపు. పార్సిల్‌లో మీ అత్త ఎండు రొయ్యలు కూడా పెట్టింది. మిషన్‌కి ఆ వాసన పడితే నా తప్పు కాదు.

మీ మావయ్య
బుల్లబ్బాయి

*

లాలాచెరువు
ఫిబ్రవరి 25

మావయ్యా,

తప్పు నాదే. మిషన్‌ని ఏమీ అనకు.

నా షెడ్డు పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. గోడలోంచి మూడు మీటర్ల వైరు లాగి, నిండు కరెంటు మీద పరీక్ష చేసి, అద్భుతంగా ఉందని నాకు నేనే మార్కులు వేసుకున్నాను. నీ రేవుకి స్తంభం నుంచి ఎంత దూరం వైరు లాగుతావో, పది దాటాక రొయ్యల చెరువుల మోటార్లన్నీ ఆన్ చేస్తే ఏమవుతుందో నాకు తెలియనిది కాదు. మీ ఇంట్లో పెరిగినదాన్ని. పదిగంటల తర్వాత మీ ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. అయినా బోర్డు గీసేటప్పుడు అది గుర్తు రాలేదు. లైన్లో కరెంటు ఒక గీత కిందికి పడితే లోపలి సామాను కాలిపోకుండా ఆగిపోవాలని నేనే పెట్టాను. ఆ గీత మరీ పైన పెట్టాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు అరవై మీటర్ల వైరు కొని వీధంతా పరిచాను. ఎదురింటి ఏసమ్మ గారు “ఏంటమ్మా, పందిరి వేస్తున్నారా?” అని అడిగారు. ఆ వైరు చివర నూట డెబ్భై వోల్టుల మీద పెట్టి వారం రోజులు రాడ్లు కాల్చాను. ఇప్పుడు లైన్ పడిపోతే ఆగిపోదు. లోపల ఎక్కువ లాక్కుని బయటికి నువ్వు అడిగినంతే ఇస్తుంది. మరీ కుదరకపోతే కొద్దికొద్దిగా తగ్గుతుంది గానీ అలగదు.

ఇంకో రెండు సదుపాయాలు చేశాను. రాడ్డు రేకుకి తాకగానే అర సెకను పాటు కొంచెం ఎక్కువ కరెంటు ఇస్తుంది, వెంటనే అంటుకోవడానికి. అప్పటికీ రాడ్డు అతుక్కుపోతే కరెంటు దానంతట అదే ఆగిపోతుంది. మెల్లగా వంచితే చాలు, ఊడి వస్తుంది. గుంజక్కర్లేదు.

ఎండు రొయ్యలు రెండురోజుల్లో అయిపోయాయి. ఏసమ్మ గారికి కూడా పెట్టాను. వైరు పరిచినందుకు మాట అనకుండా ఉన్నారు కదా.

అశ్విని

*

నరసాపురం
మార్చి 6

అమ్మాయ్,

నీ మిషన్ అలక మానింది. పదింటికి, పన్నెండింటికి, మోటార్లన్నీ తిరుగుతున్నప్పుడు కూడా ఆగలేదు. రాడ్డు అంటుకుపోతే ఆకు తుంచినట్టు వచ్చేస్తోంది. పెద్దిరాజు ఇవాళ టిఫిన్ క్యారేజీ మాట ఎత్తలేదు.

అయితే ఒక లోపం మిగిలింది. నీ అంకెలు అబద్ధం చెబుతున్నాయి. పది నంబరు రాడ్డుకి నూట పది చాలు అని నీకు నేర్పింది నేనే కదా. నూట పది పెడితే చప్పగా ఉంది. నూట ముప్పై పెట్టినా ప్రాణం లేదు. నూట యాభైకి తిప్పితే అప్పుడు కొంచెం చందువా వేగిన చప్పుడు వస్తోంది. అంటే నీ మిషన్ నూట యాభై అని చూపించి నూట పది ఇస్తోంది. లోపల ఎక్కడో దొంగ ఉన్నాడు, పట్టుకో.

మిషన్‌తో పాటు, ఒక ఇనప పలక మీద మూడు గీతలు అతికి పంపుతున్నాను. పక్కన సుద్దతో నూట పది, నూట ముప్పై, నూట యాభై అని రాశాను. మూడోదే మంచిది.

మొన్న పెద్దిరాజు రెండడుగుల ముక్క మీద పరీక్ష పెట్టించాడు. రెండు చోట్ల మచ్చ తేలింది. నేను నూట యాభై మీదే అతికాను మరి. రైలింగు పైపులు ఎప్పుడు వస్తాయో అని ఆయన ఎవరినో అడిగాడు, నా వైపు చూసి. ఆ చూపుతో నాకు అన్నం సహించలేదు.

ఈ మధ్య అందరూ ఏదోలా తయారయ్యారు. అవతలి రేవు నుంచి వచ్చే పంటువాడు హారన్ కొట్టడం మానేశాడు. మొన్న నా వెనకే వచ్చి ఆగేదాకా నాకు తెలీదు. మీ అత్త కూడా మారిపోయింది. అన్నానికి నోటితో పిలవదు, వచ్చి మీద తువ్వాలు విసురుతుంది. పిలిస్తే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా అంటే నవ్వుతుంది. పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళకి ఆవిడకి సరసం పుట్టుకొచ్చింది.

పలక చూసి రాయి.

బుల్లబ్బాయి

*

లాలాచెరువు
మార్చి 12

మావయ్యా,

దొంగని వెతికాను. కరెంటు కొలిచే మీటర్లు రెండు నావి, ఒకటి ఏసమ్మ గారి అబ్బాయి పనిచేసే కంపెనీ నుంచి అరువు తెచ్చింది. మూడూ కేబుల్‌కి తగిలించి చూశాను. నాబ్ నూట పది అంటే మూడూ నూట పదే అన్నాయి. చిన్న కేబుల్‌తో, పెద్ద కేబుల్‌తో, వేడెక్కాక, చల్లారాక కూడా చూశాను. తేడా లేదు. మిషన్‌ని ఈ ఉత్తరంతోనే తిరిగి పంపుతున్నాను.

పలక కూడా చూశాను. కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాను. నూట పది అని రాసిన గీత నువ్వు నాకు నేర్పిన గీతలా ఉంది, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి. నూట యాభై గీతకి రెండు అంచులూ తినేసి ఉన్నాయి. చుట్టూ ఇనప గింజలు చిట్లి ఉన్నాయి. ఒకచోట పలక వెనక్కి కారిపోయింది. కరెంటు ఎక్కువైతే ఇలా అవుతుందని పలక తిప్పి చూపించింది నువ్వే.

ఒక పని చెయ్యి. పాత మిషన్ హ్యాండిల్ మీద ఎర్ర రంగు గీత పెట్టుకున్నావు కదా, పది నంబరు రాడ్డుకని. సరిగ్గా ఆ గీత దగ్గర పెట్టి ఒక ముక్క అతికి పంపు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. అంతకంటే ఇప్పుడు ఏమీ రాయలేను.

ఆరోగ్యం జాగ్రత్త. అత్తని కూడా నాకు ఒక ముక్క రాయమను.

అశ్విని

*

నరసాపురం
మార్చి 18

అశ్వినికి,

పాత మిషన్ కూడా ముసలిదైపోయింది. ఎర్ర గీత దగ్గర పెడితే చడీచప్పుడూ లేదు. దాన్ని కూడా రెండు చుట్లు పైకి తిప్పాను. రెండు మిషన్లూ ఒకేసారి చెడ్డాయంటే లోపం లైన్లోనే ఉంది, ఇంకెక్కడా లేదు.

నలభై ఏళ్ళ నుంచి రాడ్డు పట్టుకుంటున్నాను. పలక చదవడం నాకు నేర్పొద్దు. మూడు మీటర్లు కాదు, ముప్పై మీటర్లు తెచ్చుకో. నా దగ్గర ఒకటే మీటరు ఉంది, అది ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

పలక పంపను. మిషన్ కావాలంటే వెనక్కి పంపేస్తాను.

బుల్లబ్బాయి

*

లాలాచెరువు
మార్చి 24

మావయ్యా,

నిన్న ఆదివారం నేను నరసాపురం వచ్చాను. నీకు తెలియదు.

మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా రేవుకి వచ్చాను. నువ్వు పంటు పక్కన కూర్చుని ఏదో ముక్క అతుకుతున్నావు. రాడ్డు మార్చడానికి ఆగినప్పుడు వెనక నుంచి “మావయ్యా” అని పిలిచాను. మళ్ళీ పిలిచాను. మూడోసారి అవతల టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళు కూడా తలెత్తి చూసేంత గట్టిగా పిలిచాను. నువ్వు తిరగలేదు. ఇంకో రాడ్డు హోల్డర్‌లో పెట్టుకున్నావు.

అప్పుడు నేను చిన్నప్పటిలా వెలుగుకి వీపు పెట్టి గట్టు మీద కూర్చుని విన్నాను. చందువా వేగడం లేదు మావయ్యా. మాడిపోతోంది. మొదటి రాడ్డుకే తెలిసింది. నువ్వు నేర్పిన చెవే కదా.

ఇంటికి వెళ్ళి అత్తతో కూర్చున్నాను. అత్త ఏడ్చింది, తర్వాత కాఫీ పెట్టింది. రెండేళ్ళ నుంచి తనకి తెలుసట. నీకు తెలుసని కూడా తనకి తెలుసట. నువ్వు వచ్చేలోపే నాలుగింటి బస్సు ఎక్కేశాను. నీ ఎదురుగా నిలబడి గట్టిగా అరిచి ఈ మాట చెప్పడం నావల్ల కాలేదు. కాగితం మీదైతే చెప్పగలను. నీకు వినపడటం లేదు. మిషన్లు రెండూ బాగానే ఉన్నాయి. చెవికి అందేదాకా నువ్వే తిప్పుకుంటూ పోతున్నావు.

నేనూ ఒకటి దాచాను. పది రోజుల కిందట పెద్దిరాజు గారు ఫోన్ చేశారు. “మిషన్ ఫస్ట్ క్లాసండి అమ్మాయి గారూ. చెయ్యి మారిస్తే పనైపోద్దండి. మీరు చెబితే ఆయన వింటారు, రైలింగు చూసుకోమనండి” అన్నారు. “ఆ మిషన్ చేసిందే ఆయన చేతి కోసమండి, ఏప్రిల్ నెలాఖరు దాకా ఆగండి” అన్నాను. ఆయ్, అలాగేనండి అన్నారు. నువ్వు ఒకటి దాచావు, నేను ఒకటి దాచాను. చెల్లుకు చెల్లు.

ఇప్పుడు పార్సిల్ సంగతి. ఇందులో ఒక పట్టీ ఉంది, వాచీ పట్టీలాంటిది. దానికి ఉన్న చిన్న బిళ్ళలో పాత సెల్‌ఫోన్ వణికే మోటారు పెట్టాను. సన్న వైరు మిషన్ వెనక, బోర్డు పరీక్షకని నేను మొదట్లోనే పెట్టిన చిన్న రంధ్రంలో గుచ్చాలి. ఎడమ చేతి మణికట్టుకి కట్టుకో.

రాడ్డు చివర కరిగి ప్రతి చుక్కా రేకు మీదికి రాలేటప్పుడు కరెంటు తొణుకుతుంది. నీ చెవి వినేది ఆ తొణుకునే. నా బోర్డు దాన్ని ఎలాగూ చూస్తూనే ఉంటుంది, లేకపోతే కరెంటుని నిలబెట్టలేదు. అది చూసిందాన్ని నీ మణికట్టుకి చెప్పమన్నాను, అంతే. కరెంటు సరిగ్గా ఉండి, రాడ్డు సరైన ఎత్తులో ఉంటే పిల్లి గుర్రు పెట్టినట్టు ఒకే తీరున వణుకుతుంది. కరెంటు ఎక్కువైతే దడదడలాడుతుంది. తక్కువైతే ఆగి ఆగి కొడుతుంది. చెయ్యి పైకి లేస్తే పలచబడిపోతుంది.

ఇది కట్టుకోవడం చిన్నతనమనుకుంటే పెట్టెలోనే ఉంచు. మిషన్ మాత్రం వెనక్కి పంపకు.

అశ్విని

*

నరసాపురం
ఏప్రిల్ 11

అమ్మాయ్ అశ్వినీ,

ఆలస్యంగా రాస్తున్నాను. ముందు కోపం, తర్వాత సిగ్గు, తర్వాత పని. మూడూ వరసగా పట్టుకున్నాయి.

నువ్వు రాసింది నిజం. పోయిన ఏడాది కాదు, అంతకుముందు ఏడాది వానాకాలంలో మొదటిసారి తెలిసింది. కిటికీలోంచి చూస్తే పెరట్లో వాన కురుస్తోంది. నెత్తి మీద రేకుల చప్పుడు లేదు. కొత్త రేకులు కదా, అందుకని అనుకున్నాను. అలాగే ఒక్కోదానికీ ఒక్కో కారణం వెతుక్కున్నాను. ఫోన్ చెడిపోయింది, హారన్ కొట్టడం లేదు, నీ మిషన్‌లో దొంగ ఉన్నాడు. వినపడటం లేదని ఒప్పుకుంటే హోల్డర్ కింద పెట్టమంటారని భయం. ఇంతకాలం చెవితో బతికిన వెల్డర్ని, చెవి లేదని ఎలా చెప్పుకోను? నీతో దురుసుగా రాసిన ఉత్తరం చించెయ్యి.

పట్టీ మొదటిరోజు పెట్టెలోనే ఉంచాను. రెండోరోజు మీ అత్త నన్ను కూర్చోబెట్టి, చెయ్యి లాక్కుని కట్టేసింది. మీ అత్త గట్టిగా కట్టిన ముడి విప్పడం నీ తాతతరం కూడా కాదు. సరేనని రాడ్డు అంటించాను. జెర్రి పాకినట్టు అనిపించి హోల్డర్ వదిలేశాను. గట్టు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

తర్వాత మెల్లగా అర్థమైంది. నాలుగురోజులు పాత ముక్కల మీదే అతికాను. అయిదోరోజు మీ అత్తకి నాబ్ అప్పజెప్పి, అంకెలు నాకు కనపడకుండా మిషన్ అటు తిప్పించాను. ఆవిడ ఇష్టం వచ్చినట్టు తిప్పుతుంది, నేను రాడ్డు అంటించి మణికట్టు చెప్పింది చెప్పాలి. ఎక్కువా, తక్కువా అని. నిన్ను కూర్చోబెట్టి నేను ఆడించిన ఆటే. నా వీపు మీద ఒకసారి తడితే ఒప్పు, రెండుసార్లు తడితే తప్పు. పదింటిలో ఏడు ఒప్పు చెప్పాను. ఆఖర్న ఒప్పో తప్పో తేలక మీ అత్త నెత్తి మీద మొట్టింది.

నువ్వు మొదటి ఉత్తరంలో రాసింది ఇప్పుడు నమ్ముతున్నాను. నూట పది పెడితే పిల్లి గుర్రు వస్తోంది. నీ అంకెలకి నేను క్షమాపణ చెప్పానని చెప్పు.

చెవి డాక్టరు దగ్గరకి కూడా వెళ్ళొచ్చాం. చెవి మిషన్ పెట్టించుకోమన్నాడు. పెట్టించుకుంటాను. ఇంట్లో మాటలకి అది చాలట గానీ, రాడ్డు చప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టినట్టు తెలియాలంటే కుదరకపోవచ్చట. దాని వాల్యూమ్ మీ అత్త చేతిలో ఉంటుందేమోనని నా బెంగ.

పరీక్ష ఇరవై ఆరున. నలభై అడుగులూ నేనే అతుకుతున్నాను. పెద్దిరాజుకి పట్టీ చూపించి, ఎందుకో కూడా చెప్పేశాను. ఆయన పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి, మచ్చ రాకపోతే నాకేం అభ్యంతరం అన్నాడు.

బుల్లబ్బాయి

అశ్వినీ, నేను అత్తని. ఆయన ఏడు అని రాశాడు. ఆరే.
పెద్దింట్లమ్మ

*

లాలాచెరువు
ఏప్రిల్ 16

మావయ్యా,

నీ ఉత్తరం ఏసమ్మ గారికి కూడా చదివి వినిపించాను. జెర్రి దగ్గర ఆవిడ పడిపడి నవ్వారు. నేను నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

చించెయ్యమన్న ఉత్తరం చించలేదు. నువ్వు నాకు కోపంగా రాసిన ఉత్తరం అదొక్కటే, దాచుకుంటాను.

ఒక్క మాట. పట్టీ చెప్పేది మాత్రమే నమ్మకు. నీ కళ్ళు, నీ చెయ్యి ఎప్పట్లాగే ఉన్నాయి. పట్టీ దడదడలాడినప్పుడు ఆపి చూడు, అంతే. దడ ఎందుకొచ్చిందో చూసి చెప్పగలిగింది నువ్వే, నా బోర్డుకి అంత తెలివి లేదు.

ఇరవై ఆరున రావాలని ఉంది. కానీ నేను వచ్చి గట్టు మీద నిలబడితే నీ చెయ్యి నా కోసం పనిచేస్తుంది. పంటు కోసం పనిచెయ్యనీ. అత్తతో ఒక్క ముక్క రాయించు, ఆరో ఏడో కూడా రాయమను.

అశ్విని

*

నరసాపురం రేవు
ఏప్రిల్ 29

అమ్మాయ్ అశ్వినీ,

మచ్చ లేదు.

ముందు ఆ మాట రాసేశాను, నువ్వు కింద దాకా చదివే ఓపిక లేకుండా ఉంటావని. ఇప్పుడు తీరిగ్గా రాస్తాను.

శనివారం పొద్దున్నే లోపలి వైపు సుద్ద పూశారు. బయటి వైపు కిరోసిన్ రాసేది కూడా పెద్దిరాజే, ఎవరినీ నమ్మడు. తర్వాత గంటసేపు ఆగాలి. ఆ గంట నాకు ఎలా గడిచిందో అడక్కు. మీ అత్త గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుని, నా వైపు చూడకుండా చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. పెద్దిరాజు టార్చి వేసుకుని అడుగులోకి దూరి, ఈ చివర నుంచి ఆ చివరికి మోకాళ్ళ మీద పాకాడు. మళ్ళీ వెనక్కి పాకాడు. బయటికి వచ్చి వేలికి అంటుకున్న సుద్ద వాసన చూశాడు. “బుల్లబ్బాయ్ గారూ, ఎక్కడా చుక్క లేదండి” అన్నాడు. ఆ ‘గారూ’ నేను ఆయన పెదాల మీద చూశాను. చెవి మిషన్ ఇంకా రాలేదు గానీ ఆ మాత్రం చదవగలను.

ఒక సంగతి నీకే చెబుతున్నాను, పెద్దిరాజుకి చెప్పకు. ఇరవై మూడో అడుగు దగ్గర పట్టీ దడదడలాడింది. పైకి చూస్తే గీత బాగానే ఉంది. పట్టీ లేకపోతే దాటిపోయేవాణ్ణి. నువ్వు చెప్పినట్టే ఆపి చూశాను. రేకు కింద పాత రంగు కొంచెం మిగిలిపోయింది, అది పొగై లోపల చిన్న రంధ్రం చేసింది. గ్రైండర్‌తో తీసేసి మళ్ళీ అతికాను. ఆ ఒక్క చోటే మచ్చ వచ్చి ఉండేది.

నిన్న పంటు నీళ్ళలోకి దింపారు. పసుపు రాసి కొబ్బరికాయ కొట్టారు. మొదటి దాటుకి మమ్మల్ని ఎక్కించుకున్నారు. అవతలి రేవు చేరగానే హారన్ మూడుసార్లు కొట్టారట, మీ అత్త చెప్పింది. నేను చెప్పులు విప్పి అడుగు మీద నిలబడ్డాను. ఇంజను అరికాళ్ళకి ఒకే తీరున వణుకుతోంది. ఎక్కడా దడ లేదు. అటు నుంచి ఇటు వచ్చేదాకా అలాగే నిలబడ్డాను. మీ అత్త పొద్దున చందువాలు కొని పెట్టింది, ఇంటికి వచ్చాక వేయించింది. పొయ్యి దగ్గర నిలబడి బాండీ పక్కన చెయ్యి పెట్టి చూశాను. కాలిందే గానీ ఏమీ తెలియలేదు. దానికి కూడా ఏదైనా చేస్తావేమో ఆలోచించు.

ఇక్కడి వెల్డర్లు నీ మిషన్ చూస్తున్నారు. ఇద్దరు పట్టీ కూడా కావాలంటున్నారు, వాళ్ళకి చెవులు బాగానే ఉన్నా. వచ్చి మాట్లాడుకో.

వచ్చేటప్పుడు ఒక్క మాట గుర్తుపెట్టుకో. పోయినసారిలా వెనక నిలబడి మూడుసార్లు పిలిచి వెళ్ళిపోకు. దగ్గరకి వచ్చి భుజం మీద చెయ్యి వెయ్యి. తిరుగుతాను.

మీ మావయ్య
బుల్లబ్బాయి